పేపరు చదవడమూ చదువే

"ఏం గ్రూపమ్మా?" పదో తరగతి ఫలితాలొచ్చిన వారంలో మన ఇళ్లలో మొదట వినిపించే ప్రశ్న ఇదే. ఎంపీసీ అంటే మొహాలు విప్పారతాయి. బైపీసీ అంటే "డాక్టరమ్మ అన్నమాట!" అంటారు. ఎంఈసీ అంటే సీఏ గుర్తొస్తుంది. సీఈసీ, హెచ్ఈసీ అంటే మాత్రం "ఏం, మార్కులు తగ్గాయా?" అని పరామర్శ మొదలవుతుంది. ఇక ఏ పిల్లయినా ధైర్యం చేసి "నాకు మీడియా చదవాలనుంది" అందనుకోండి, పరామర్శ కూడా దక్కదు. నవ్వే. "టీవీలో కనిపిస్తావా ఏంటి?" "దానికి చదువెందుకే, ఫోనుంటే చాలుగా!" పక్కింటి బాబాయి దగ్గర్నుంచి కాలేజీ ప్రిన్సిపాల్ దాకా అందరిదీ ఒకటే వరస.

నా బాధంతా ఆ నవ్వు గురించే. జిల్లా డెస్కులో సబ్‌ఎడిటర్‌గా చేరి, కంట్రిబ్యూటర్లు పంపిన వార్తలు దిద్దుతూ, పేజీ వదిలేసరికి అర్ధరాత్రి దాటే ఉద్యోగం చేసినవాణ్ని. అక్కడ తిట్లు తిని నేర్చుకున్నదాంట్లో సగం పదహారేళ్ల పిల్లలకు క్లాసులో చక్కగా నేర్పొచ్చు. నేర్పాలి కూడా. ఎందుకంటే అది విలేకరి అయ్యేవాళ్లకు మాత్రమే పనికొచ్చే విద్య కాదు. కెమిస్ట్రీ చదివినవాళ్లంతా మందుల కంపెనీల్లో చేరుతున్నారా? జువాలజీ చదివినవాళ్లంతా కప్పలు కోసుకుంటూ బతుకుతున్నారా? అయినా ఆ సబ్జెక్టులను ఎవరూ నిలదీయరు. మీడియా దగ్గరికొచ్చేసరికి మాత్రం "చదివి ఏం చేస్తావ్?" అని నిలబెట్టి అడుగుతారు.

ఇందులో ఏముంటుందని అడిగే ఓపిక ఉన్నవాళ్ల కోసం ఒక్క పాఠం చెబుతాను. ఒక జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా ఉన్న మిత్రుడు పిలిస్తే వెళ్లి చెప్పిన పాఠమే ఇది. ఒకే రోజు, ఒకే ఊళ్లో, కలెక్టరేట్ ముందు రైతుల ధర్నా. రెండు పత్రికల జిల్లా పేజీలు తీసుకెళ్లి బల్ల మీద పరిచాను. ఒకదాంట్లో నాలుగు కాలాల వార్త: కదం తొక్కిన రైతన్న. రెండోదాంట్లో లోపలి పేజీలో, అడుగున సింగిల్ కాలమ్: ధర్నాతో వాహనదారుల ఇక్కట్లు. ముందు ఫొటోలు చూడమన్నాను. మొదటి పత్రిక ఫొటోగ్రాఫర్ జనం మధ్యలో గొంతుక్కూర్చుని తీశాడు. ముందు వరస వాళ్లు బిగించిన పిడికిళ్లతో ఫ్రేమంతా నిండిపోయింది. వాళ్ల వెనక వందమంది ఉన్నారో వెయ్యిమంది ఉన్నారో తెలిసే దారి లేదు. రెండో అతను ఎదుటి మేడెక్కి తీశాడు. జనం చుట్టూ ఖాళీ రోడ్డు, ఆ చివర ఆగిపోయిన ఆటోలు. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. రెండూ ఆ ధర్నావే.

"సర్, ఒకటి ఆ పార్టీ పేపరు, ఇంకోటి ఈ పార్టీ పేపరు" అని పిల్లలు రెండు నిమిషాల్లో తేల్చేశారు. సరే, పార్టీల మాట కాసేపు పక్కన పెట్టి వాక్యాలు చూడమన్నాను. ఒక వార్తలో పోలీసులు రైతులను అడ్డుకున్నారు. రెండోదాంట్లో రైతులు వాహనాలను అడ్డుకున్నారు. క్రియ ఒకటే, కర్త మారాడు. తర్వాత ఎవరి మాటలు వేశారో గీత గీయమన్నాను. ఒకదాంట్లో రైతు సంఘం నాయకుడి మాట, ప్రతిపక్ష నేత మాట. రెండోదాంట్లో సీఐ మాట, ఒక ఆటో డ్రైవరు మాట. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. వాళ్లది కౌలు రైతు కుటుంబమట. "రెండిట్లోనూ మా నాన్నలాంటోళ్లు ఫొటోల్లో ఉన్నారు గానీ మాటల్లో లేరు సర్" అంది.

డెస్కులో ఏళ్ల తరబడి కూర్చున్న మాలో చాలామందికి తట్టని సంగతి అది. ఆ పీరియడ్ అయ్యాక ప్రిన్సిపాల్ గారు మర్యాదగానే చెప్పారు: "బాగుంది సర్. కానీ సిలబస్‌లో లేదు కదా. వచ్చేవారం యూనిట్ టెస్టులు పెట్టుకున్నాం." మళ్లీ పిలుపు రాలేదు.

మనవాళ్లకు ఇదంతా ఒకరు చెప్పాలా, ఏ పేపరు ఎవరిదో, ఏ చానల్ ఎవరి జేబులో ఉందో టీకొట్టు దగ్గర అడిగినా చెబుతారు కదా అనొచ్చు మీరు. నిజమే, చెబుతారు. ఆ తెలివే మన కొంప ముంచుతోంది. యజమాని ఎవరో తెలియగానే చదవడం అయిపోయిందనుకుంటున్నాం. అవతలి పేపర్లో వచ్చిందంతా అబద్ధమని తోసేస్తాం, మన పేపర్లో వచ్చింది నమలకుండా మింగేస్తాం. ఈ రెండు పనులకూ బుర్రతో పని లేదు. పక్షం ఉన్న వార్తలో కూడా నిజమెంతో, నిజంలో వదిలేసిందేమిటో, ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో, "విశ్వసనీయ వర్గాల సమాచారం" అంటే ఆ వర్గాలకు లాభమేమిటో విడదీసి చూడటం వేరే విద్య. అది అనుమానించడం కాదు. అనుమానం మనకు కావలసినంత ఉంది.

డబ్బు సంగతే చూడండి. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర సొమ్ము తీసుకుని వాళ్ల ప్రచారాన్ని వార్తల్లా అచ్చేసిన వ్యవహారం మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, రెండోవారు మన కె. శ్రీనివాస్ రెడ్డి. 2010లో వాళ్లు పేర్లతో సహా రాసిచ్చిన నివేదికను కౌన్సిల్ ఉన్నదున్నట్టు బయటపెట్టలేదు, కుదించిన ప్రతితో సరిపెట్టింది. పూర్తి నివేదిక 2011లో సమాచార కమిషన్ ఆదేశం తర్వాతే జనం కంటపడింది. పత్రికల మీద పత్రికలవాళ్లే చేసిన విచారణ, అందులో సగం వాటా ఒక తెలుగు సంపాదకుడిది. మన పిల్లలకు ఇంటర్ దాటేలోపు ఈ కథ ఎక్కడైనా తగులుతుందా? పత్రికలు ప్రజాస్వామ్యానికి నాలుగో స్తంభం అన్న ఒక్క లైను బట్టీ పట్టించి పంపిస్తాం. ఆ స్తంభానికి పట్టిన చెదలు సిలబస్‌లో లేవు.

ఇదంతా మన బడులకు పూర్తిగా కొత్తదీ కాదు. అదే మరీ కడుపుమంట. పదో తరగతి తెలుగు పేపర్లో సృజనాత్మకత అని ఒక విభాగం ఉంది. కరపత్రం రాయమంటారు, ఇంటర్వ్యూకి ప్రశ్నలు తయారుచేయమంటారు, నినాదాలు రాయమంటారు. పెట్టినవాళ్ల ఆలోచన ఎంత మంచిదో! ఆచరణలో ఏమైంది? గైడులో ఉన్న ఒకే కరపత్రాన్ని బట్టీ పట్టి, ప్లాస్టిక్ గురించి అడిగినా, చెట్ల గురించి అడిగినా, "ప్రజలారా! మేల్కొనండి!" అని మొదలుపెట్టి "ఇట్లు" అని ముగిస్తున్నారు. ఈ కాగితం ఎవరి చేతికిస్తాం? బస్సు దిగే హడావుడిలో ఉన్న మనిషి ఎంతసేపు చూస్తాడు? అతను చదవాల్సిన మొదటి మాట ఏది? ఈ ప్రశ్నలు ఏ క్లాసులోనూ రావు. తెలంగాణ పదో తరగతి వాచకంలో "లక్ష్యసిద్ధి" అని ఒక పాఠం పెట్టారు. రాష్ట్రం ఏర్పడినప్పుడు ఒక దినపత్రికలో వచ్చిన సంపాదకీయం అది. సంపాదకీయాన్నే పాఠం చేశాక ఇంకేం కావాలి? అదే వారం మిగతా పత్రికలు రాసిన సంపాదకీయాలు, హైదరాబాద్‌వీ విజయవాడవీ, పక్కపక్కన పెట్టి చదివిస్తే చరిత్ర, రాజనీతి, తెలుగు వాక్యం మూడూ కలిసి నడిచేవి. మనం మాత్రం దాన్లోంచి అర్థాలు, పర్యాయపదాలు, సమాసాలు పిండుకుని పిప్పి పారేస్తున్నాం.

ఈ విద్య విలువ తెలుసుకున్నవాళ్లు మన దగ్గర లేక కాదు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్ వెళ్లండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు, చాలామంది బడి మొహం చూడనివాళ్లు, వీడియో కెమెరా పట్టడం నేర్చుకుని తమ పంటల మీద, విత్తనాల మీద తామే సినిమాలు తీశారు. వరంగల్ రైతులు బీటీ పత్తితో పడ్డ అవస్థ మీద వాళ్లు తీసిన డాక్యుమెంటరీ దేశం దాటి ప్రదర్శనలకు వెళ్లింది. 2008 అక్టోబరు 15న మాచునూరులో వాళ్ల సంఘం రేడియో మొదలైంది. స్వచ్ఛంద సంస్థ చేతిలో ఉన్న కమ్యూనిటీ రేడియోల్లో దేశంలో అదే మొదటిది. మైకు ముందు కూర్చున్నది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. మాట్లాడింది వాళ్ల ఊరి తెలుగు.

కెమెరా నేర్చుకునేటప్పుడు ఆ అమ్మలు షాట్లకు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాటు పటేల్ షాట్. పటేలు ఎత్తున కూర్చుని కూలివాళ్లను చూసేది అలాగే కదా. కంటికి కన్ను సమంగా ఉండేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ కిందే కూర్చుంటారు. తమవాళ్లను సంఘం షాట్‌లోనే చూపాలన్నది వాళ్ల పట్టుదల. ఇంగ్లండులో పద్దెనిమిదేళ్ల పిల్లలు మీడియా స్టడీస్ పరీక్షలో పేజీలకు పేజీలు రాసే సంగతి ఇదే: కెమెరా ఎక్కడ నిలబడిందో చెబితే అధికారం ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. నేను తీసుకెళ్లిన ధర్నా ఫొటోలు చూపిస్తే పస్తాపూర్ మహిళలు మేడ మీది ఫొటోను ఒక్క చూపులో పట్టేసేవాళ్లు. రాష్ట్ర ర్యాంకులు తెచ్చుకునే మన ఇంటర్ పిల్లలకు ఆ చూపు ఇవ్వలేకపోతున్నాం.

అచ్చు కాగితం ఏం చేయగలదో చెప్పాలన్నా దూరం పోనక్కర్లేదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజుల్లో, కొత్తగా అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ల వాచకంలో "సీతమ్మ కథ" అని ఒక పాఠం ఉండేది. సారా కాపురాలను ఎలా కూలుస్తోందో, ఆడవాళ్లు ఒక్కటైతే ఏం చేయగలరో చెప్పే పాఠం. దూబగుంట ఆడవాళ్లు అది చదివి, మడిచి పక్కన పెట్టలేదు. 1992లో ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ వార్త పత్రికలకెక్కింది, అది చదివో చదివించుకునో పక్క ఊరివాళ్లు కదిలారు, అదీ వార్తయింది. ఈనాడు ఆ ఉద్యమాన్ని భుజానికెత్తుకుని పేజీలకు పేజీలు ఇచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా బందైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు.

దీన్ని సాంఘిక శాస్త్రంలో నాలుగు లైన్లలో చెప్పి ముగించేస్తాం. మీడియా క్లాసులో అయితే కథ ఇక్కడే మొదలవుతుంది. ఒక వాచకంలోని కథకు ఊరిని కదిలించే బలం ఎక్కణ్నుంచి వచ్చింది? పత్రిక ఎందుకు అంత చోటిచ్చింది? ఆడవాళ్ల గోడు విని కడుపు తరుక్కుపోయా, అధికారంలో ఉన్నవాళ్ల మీద కోపమా, జిల్లా పేజీలతో కొత్త పాఠకుల్ని పట్టుకునే లెక్కా? లేక మూడూనా? పత్రిక ఉద్దేశం ఏదైనా సరే, ఉద్యమానికి మేలు జరిగితే దాన్ని ఎలా తూచాలి? నిషేధం ఎత్తేసినప్పుడు అదే స్థాయిలో అక్షరాలు పడ్డాయా? పాత సంచికలు తెప్పించి పిల్లలతో కొలత బద్ద పెట్టి కొలిపించొచ్చు. ఇది చదువు కాకపోతే చదువంటే ఏమిటో నాకు తెలియదు.

నేర్పకపోతే ఏమవుతుందో 2018 మే నెలలో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు, ఫొటోలు. ఎక్కడివో, ఎప్పటివో ఎవరూ అడగలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకుల మీద గుంపులు పడ్డాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో పాలమూరు నుంచి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపేశారు. ఆ ఫార్వర్డులు పంపినవాళ్లలో ఇంజినీరింగ్ చదివినవాళ్లు లేరా? అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరా కానిస్టేబుళ్లను పంపారు, కళాకారులతో డప్పు కొట్టించి పాటలు పాడించారు, వచ్చిన ప్రతి మెసేజీని నమ్మొద్దని ఇంటింటికీ చెప్పించారు. ఆమెకు దండం పెట్టాల్సిందే. కానీ ఒక్క మాట: ఆ పాఠం చెప్పాల్సింది పోలీసులా? ఊళ్లలో బడులున్నాయి, చుట్టుపక్కల జూనియర్ కాలేజీలున్నాయి. అక్కడ చెప్పని పాఠాన్ని లాఠీ పట్టుకున్నవాళ్లు డప్పు పట్టుకుని చెప్పాల్సి వచ్చింది.

ఇంకో దక్షిణాది రాష్ట్రం ఏం చేస్తోందో చూద్దాం. కేరళలో ప్లస్ టూ హ్యుమానిటీస్ పిల్లలు జర్నలిజాన్ని ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. పాఠ్యపుస్తకం ఉంది, పరీక్ష ఉంది, చెప్పడానికి టీచర్లున్నారు. కన్నూరు జిల్లాలో 2018లోనే ప్రభుత్వ బడుల్లో తప్పుడు వార్తలను పట్టుకోవడం నేర్పే క్లాసులు నడిచాయి. సీబీఎస్‌ఈ కూడా పదకొండు, పన్నెండు తరగతులకు మాస్ మీడియా స్టడీస్ పెట్టింది. హిందీ తీసుకున్న పిల్లలకు ఎన్‌సీఈఆర్‌టీ "అభివ్యక్తి ఔర్ మాధ్యమ్" అని ఒక పుస్తకమే ఇచ్చింది. వార్త ఎలా రాయాలో, రేడియోకు ఎలా రాయాలో అందులో ఉంది. మన ఇంటర్ తెలుగు పిల్లలకు అలాంటిది ఒకటి ఇవ్వడానికి ఏం అడ్డొచ్చింది?

ఇంగ్లండులోనూ ఈ సబ్జెక్టు తక్కువ అవమానాలు పడలేదు. అక్కడ మన పదో తరగతి, ఇంటర్ లాంటి జీసీఎస్‌ఈలోనూ ఏ-లెవల్‌లోనూ మీడియా స్టడీస్ ఉన్నా పత్రికలు దాన్ని "మిక్కీ మౌస్ సబ్జెక్టు" అని వెక్కిరిస్తూనే వచ్చాయి. తమను ప్రశ్నించడం నేర్పే సబ్జెక్టును పత్రికలు ముద్దు చేస్తాయా మరి! విద్యావేత్త లెన్ మాస్టర్‌మన్ లాంటివాళ్లు 1980ల నుంచి దాన్ని గట్టి విద్యగా నిలబెట్టడానికి పుస్తకాలు రాస్తూ వచ్చారు. అక్కడి పేరున్న రస్సెల్ గ్రూపు యూనివర్సిటీలు ఏ-లెవల్‌లో ఏవి చదివితే మేలో చెబుతూ వేసిన జాబితాలో మాత్రం దానికి చోటివ్వలేదు. చివరికి 2019లో ఆ జాబితానే ఎత్తేశాయి. వాళ్లకు వెక్కిరించడానికైనా ఒక సబ్జెక్టు ఉంది. మనకు అదీ లేదు.

ఇక మామూలు అభ్యంతరాలు. తేలిక సబ్జెక్టట. మీ కాలనీలో వారం నుంచి నీళ్లు రావడం లేదు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అన్నీ తెలిసేలా ముప్పై మాటల్లో ఇంట్రో రాయండి. అధికారి పేరు తప్పు పోకూడదు, ఎవరి మీదా రుజువు లేని నింద పడకూడదు. రాశాక తేలికో కాదో మాట్లాడుకుందాం. డిగ్రీలో చదువుకోవచ్చు కదా అంటారు. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచీ ఉంది, కాదనను. కానీ అక్కడికి వచ్చేది ఆ వృత్తిలోకి పోదామనుకున్న కొద్దిమంది. ఇంటర్ అయ్యేసరికి పద్దెనిమిదేళ్లు వస్తాయి, ఓటు చేతికొస్తుంది. ఆ ఓటు మీద కన్నేసి యాడ్లు, మీమ్‌లు, సర్వేలు, అర్ధరాత్రి డిబేట్లు తయారుచేసేవాళ్లు యూనివర్సిటీలో సీటు వచ్చేదాకా ఆగరు కదా. చెప్పేవాళ్లు దొరకరన్నది ఇంకో సాకు. కరోనా ఏడాదిలో పేజీలు తగ్గి, ఎడిషన్లు మూతపడి, ఇంటికెళ్లిన సబ్‌ఎడిటర్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. తెలుగు వాక్యం, లేఅవుట్, పరువునష్టం చట్టం మూడూ తెలిసినవాళ్లు ఈరోజు ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముకుంటున్నారు.

ఎంపీసీని తీసేయమని నేనడగడం లేదు. ఆ మాట అన్నా వినేవాళ్లెవరు! రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులను అడిగేది ఇంతే: హెచ్ఈసీ, సీఈసీ పిల్లలకు మీడియా ఒక ఐచ్ఛిక సబ్జెక్టుగా పెట్టండి, జిల్లాకు రెండు ప్రభుత్వ కాలేజీల్లో మొదలుపెట్టండి. మిగతా గ్రూపులకు తెలుగు పేపర్లోనే ఒక యూనిట్ కేటాయించి, బట్టీకి లొంగని ప్రశ్న ఒక్కటి ఇవ్వండి. ఆ వారం పత్రికలోంచి ఒక వార్త కత్తిరించి ప్రశ్నపత్రంలో అతికించి, ఇందులో ఎవరి మాట లేదో రాయమనండి. సిలబస్ రాసే కమిటీలో పస్తాపూర్ నుంచి ఒకరిని కూర్చోబెట్టండి.

తల్లిదండ్రులకూ ఒక విన్నపం. మీ అమ్మాయి రేపు మీడియా చదువుతానంటే నవ్వకండి. నిన్నటి పేపరు చేతికిచ్చి, ఇందులో నీకేం కనిపిస్తోందో చెప్పమ్మా అని అడిగి, చెప్పింది పూర్తిగా వినండి.